అక్క చెంప

ఎనభైల మొదట్లో హార్బరు దగ్గర ఒక చిన్న బడిలో మూడో తరగతికి చెప్పేదాన్ని. ఓడలకెత్తే ఇనప ఖనిజం దుమ్ము పడుతుందని కిటికీలు మూసే ఉంచేవాళ్ళం. అయినా యాభైమంది పిల్లలు ఒక్క గొంతుతో పాఠం అందుకుంటే వీధి చివరికి వినబడేది. ఆ గోలలో సగంమందికి అక్షరమ్ముక్క రాదని నాకు తెలుసు. అందుకే ట్రైనింగులో నేర్పిన పద్ధతి పెట్టాను. అయిదుగురిని చుట్టూ కూర్చోబెట్టుకుని, నేను వేలు పెట్టినచోట ఒక్కొక్కరిచేతా చదివించడం.

పద్ధతి మంచిదే. దానికి నా సొంత తెలివి కాస్త జోడించాను. మా చిన్నప్పటి బడి ఆచారం: చదివినవాళ్ళు, చదవలేనివాళ్ళ ముక్కు పట్టుకుని చెంప వాయించాలి. జట్టు చిన్నది కదా, ఎవరూ తప్పించుకోలేరని మురిసిపోయాను.

ఒక జట్టులో అక్కాచెల్లెళ్ళు ఉండేవారు. తల్లి జెట్టీలో చేపలు కొని గంపలో పెట్టుకుని అమ్మేది. చెల్లెల్ని ఎత్తుకు తిప్పడానికి అక్కని ఏళ్ళతరబడి ఇంట్లోనే ఉంచేసి, చివరికి ఇద్దర్నీ కలిపి బడిలో వేసింది. చెల్లెలు గడగడా చదివేది. అక్క మాటమాటకీ ఆగేది. మొదటిరోజు చెల్లెలు అక్క చెంపని ఊరికే ముట్టుకుంది.

"కొట్టమంటే నిమురుతావేం? ఇలా!" అని చెల్లెలి చెంపమీదే కొట్టి చూపించాను.

రెండోసారి గట్టిగానే వేసింది. నెల తిరిగేసరికి నేను చెప్పక్కర్లేకుండానే అక్క ముక్కు దొరకబుచ్చుకునేది. జట్టంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, అబద్ధమెందుకు.

కొన్నాళ్ళకి ఒకరోజు చెల్లెలు ఓ మాట దగ్గర తడబడింది. అక్కని చదవమన్నాను. అక్క పుస్తకం వంక చూసింది, చెల్లెలి వంక చూసింది. "రాదండి" అంది. ఆ రోజునుంచి ఏ మాట అడిగినా రాదనే అంది. వట్టి మొద్దు అని తేల్చేశాను.

ఓ మధ్యాహ్నం తల్లి గంప గుమ్మం బయట దించి వచ్చింది. "టీచరమ్మగోరూ, పెద్దదానికి సదువొత్తాదా, రాదా? రాదంటే సెప్పెయ్యండి, నాతోపాటు గంపెత్తుకుంటాది."

"దానికి చదువు అబ్బదు, తీసుకుపో" అని, హాజరుపట్టీలో ఆ పేరుమీద ఎర్రసిరాతో గీత కొట్టాను.

బడి పుస్తకం తిరిగివ్వడానికి అక్క నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆటల వేళ, గదిలో ఇంకెవరూ లేరు. ఎందుకో పుస్తకం తెరిచి, చెల్లెలు తడబడిన మాటమీదే వేలు పెట్టాను. చదివింది. ఆ పాఠమంతా చదివింది. తర్వాతి పాఠం కూడా ఎక్కడా ఆగకుండా చదివింది. నా పద్ధతి పనిచేసింది.

"మరి రాదన్నావేమే?"

"సదివితే దాన్ని కొట్టమంతారు కదండీ. నానే పెంచాను దాన్ని."

గీత కొట్టిన పేరు మళ్ళీ ఎక్కించాలంటే హెడ్మాస్టరుకి సంజాయిషీ చెప్పుకోవాలి. నా తప్పు నా నోటితోనే ఒప్పుకోవాలి. సిగ్గేసింది, ఆ సిగ్గు ఆ పిల్లమీద కోపంగా మారింది. "పుస్తకం అక్కడ పెట్టి వెళ్ళు" అన్నాను. పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు అక్క చోటులో ఇంకో పిల్లని కూర్చోబెట్టాను. చెల్లెలు ఓ మాట దగ్గర తడబడింది. కొత్తపిల్ల టక్కున చదివేసి, దాని ముక్కు పట్టుకుని, చెంప చెళ్ళుమనిపించింది.