కాశయ్య గుసగుస

మార్కాపురం పలకల గనుల్లో తూటా పేల్చే ముందు అందరినీ దూరం పొమ్మని కేక వేసే పని కాశయ్యది. గనులు మూతపడి నీళ్ళు నిండాయి గానీ, ఆయన గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. పేలుళ్ళకు చెవులు సగం పోయాయి కాబట్టి, తనకు వినపడితేనే మాట్లాడినట్టు లెక్క. రహస్యమైతే మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు, ఎదుటివాళ్ళ చెవి దగ్గరికి వంగుతాడు, వీధి చివర టీకొట్టు దాకా వినపడేలా చెబుతాడు.

మొన్న ఆయన కూతురు శిల్పను చూడటానికి దర్శి నుంచి పెళ్ళివారు వచ్చారు. అబ్బాయి ఫోటోలోనే శిల్పకు నచ్చేశాడు. "ఈపొద్దు నోరు తెరిసినావంటే నా మీద ఒట్టే" అంది భార్య సుబ్బులమ్మ. కాశయ్య కండువా కొస పళ్ళ మధ్య పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. కాఫీల దాకా బాగానే గడిచింది. అప్పుడు చెయ్యి అడ్డం పెట్టి భార్య వైపు వంగాడు. "పిల్లోడు బంగారమే. వాళ్ళ నాయనే, కజ్జికాయలు జేబులో ఏసుకుంటాండాడే!" తలుపు పక్కన శిల్ప ముఖం పాలిపోయింది. అబ్బాయి తల్లి మొగుడి జేబు తడిమి చూసి పగలబడి నవ్వింది. "షుగరుండాది, తినొద్దని నేను చెప్తే వినడు. ఇట్లాంటి గొంతు మా ఇంటిక్కూడా కావాల. సంబంధం ఖాయం వదినా!"

కాశయ్య పొంగిపోయి మళ్ళీ భార్య చెవి దగ్గరికి వంగాడు. "చూసినావా, నేను నోరు మూసుకోబట్టే కుదిరింది."

టీకొట్టు నుంచి ఎవరో అరిచారు: "వినపడింది మామా!"