ఊకలో పడ్డ తూటా

ఈ ఉదయం మా బల్ల దగ్గర ఉన్నవాళ్ళం ముగ్గురం: నాన్న, అమ్మ, నేను. బల్ల మీద ఉన్నవి: గ్లాసుడు నీళ్ళు, అమ్మ వలిచి పెట్టిన కమలా తొనలు, పేపరు, నిన్న సాయంత్రం స్టేషను వెనక మందుల కొట్టులో నేను కొనుక్కొచ్చిన మాత్రల రేకు. నాన్న ఆ రేకును రెండు చేతులా పట్టుకుని, కుడి బొటనవేలితో మాత్రను బయటికి నొక్కుతూ చాలాసేపు కూర్చున్నాడు. చివరికి, టీ తాగొచ్చి వేసుకుంటానులే అని దాన్ని పేపరు కిందికి తోసేసి లేచిపోయాడు.

ఆ వేలిని అలా చూడగానే నేను రంగూనులో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలోని మా ఇంట్లో కాక, ట్వంటే కాలవ ఒడ్డున రైసుమిల్లు ఆవరణలో ఊక పోగుల మధ్య నిలబడి ఉన్నట్టనిపించింది. డిప్లొమా చేతికొచ్చి, జనరేటర్లు బాగుచేసే వర్కుషాపులో కొత్తగా చేరిన రోజులవి. చెడిపోయిన ప్రతి వస్తువుకీ ఒక కారణం, ప్రతి కారణానికీ ఒక మరమ్మతు ఉంటాయని ఆ వయసులో మనందరం నమ్మాం కదా, నేను మరీ ఎక్కువగా నమ్మాను.

నాన్న ఆ మిల్లుకు కాపలా. మిల్లు మన తెలుగువాళ్ళదే, తాతల నాటి వ్యాపారం వదులుకోలేక ఇక్కడే ఉండిపోయిన ఒక షావుకారుది. మా తాత రంగూను రేవులో బస్తాలు మోసినవాడు, అంచేత షావుకారు గుమ్మం ముందు భుజాన తుపాకీతో నిలబడటం నాన్నకు ఉద్యోగం కన్నా కాస్త ఎక్కువే. అది సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్. లైసెన్సు షావుకారు పేరున ఉండేది, భుజం మాత్రం నాన్నది. అది పేలగా నేనెప్పుడూ వినలేదు, పడవల మీద వచ్చేపోయేవాళ్ళకు కనబడితే చాలు. రోజూ సాయంత్రం గస్తీకి బయల్దేరే ముందు నాన్న దాని అడుగునున్న గొట్టంలోకి తూటాలను ఒక్కొక్కటే బొటనవేలితో తోసేవాడు. గొట్టంలోని స్ప్రింగు తూటాను వెనక్కి నెడుతూనే ఉంటుంది. చివరిదాకా తోస్తే ఒక చిన్న కొక్కెం టక్కున అడ్డుపడి దాన్ని ఆపుతుంది. ఆ చప్పుడును నాన్న నోటితో చేసి చూపిస్తే చిన్నప్పుడు నేను పడీపడీ నవ్వేవాణ్ణి.

ఆ వానాకాలంలో ఒక సాయంత్రం గొట్టం తూటాను వదిలేసింది. అది ఎగిరి ఊక పోగులో పడింది. మిల్లులో ఊక చెత్త కాదు, బాయిలరుకు తిండి. పొద్దున్నే పారలతో ఎత్తి మంటలో వేస్తారు. షావుకారుతో సహా అందరూ చేటలు పట్టుకుని ఊకంతా చెరిగితే గాని అది దొరకలేదు. మర్నాడు మళ్ళీ జారింది, ఈసారి సిమెంటు గచ్చు మీద. తుపాకీ చెడిందన్నాడు నాన్న. అయితే నీ కొడుకును పిలిపించు, చెడింది తుపాకీయే అయితే బాగుచేయిస్తాను, నువ్వూ ఉంటావు, అది కాకపోతే మాత్రం ఈ ఊక మధ్య నిన్ను ఉంచలేను అని షావుకారు ముందే చెప్పేశాడట.

సెలవు రోజు చూసుకుని, ఏరు దాటి, బస్సెక్కి వెళ్ళాను. మందు తీసేసిన ఉత్తుత్తి తూటాలు షావుకారు సొరుగులో ఉంటే అడిగి తీసుకుని, వరండాలో గోనెపట్టా పరిచి, కారణాలను మనసులోనే వరసగా పేర్చుకున్నాను: కొక్కెం దగ్గర మురికి, కొక్కెం అరుగుదల, దాని వెనక స్ప్రింగు, వానకు ఉబ్బిన తూటాలు. నాన్న పక్కనే గొంతుకూర్చుని, "ఏటి డాక్టరు గారూ, రోగికి జొరమా, జలుబా?" అని అడుగుతూనే ఉన్నాడు. తవుడు దుమ్ము, నూనె కలిసి కొక్కెం చుట్టూ నల్లటి ముద్ద కట్టి ఉంది. నాకెంత సంతోషమో చెప్పలేను. కిరసనాయిలుతో కడిగి, తుడిచి, బిగించి, తూటాలు తోశాను. అన్నీ టక్కుమని నిలిచాయి. ఇంక నువ్వు చూడు నాన్నా అని ఇచ్చాను.

మొదటిది నిలిచింది. రెండోది జారి పట్టా మీద పడింది.

మళ్ళీ విప్పాను. కొక్కెం అంచును భూతద్దంతో చూశాను, స్ప్రింగును వేలితో నొక్కి చూశాను, తూటాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి కొలిచాను. ఎక్కడా దోషం లేదు. నేను తోస్తే నిలుస్తున్నాయి, నాన్న తోస్తే జారుతున్నాయి. తోసే వేలిని చూడటం నా జాబితాలో లేదు. అప్పుడు చూశాను. గోరు తెల్లబడేదాకా నొక్కుతున్నాడు, కాని చివరి బియ్యపు గింజంత దూరం ఆ వేలు వెళ్ళటం లేదు, వెళ్ళలేదని దానికి తెలియటం కూడా లేదు. లుంగీ ముడి నిలవటం లేదని ఏడాదిగా ఆయన బెల్టు పెట్టుకోవటం, ముసలి షోకులని అమ్మ ఆటపట్టించడం, కమలాపళ్ళు అమ్మ చేతే వలిపించుకోవటం, అన్నీ ఒక్కసారిగా వచ్చి వరసలో కూర్చున్నాయి.

షావుకారు వచ్చి, "ఏటబ్బాయ్, ఏటి తేలింది?" అన్నాడు.

"కొక్కెం వెనక స్ప్రింగు..." అని నేను మొదలుపెట్టాను, తర్వాతి మాట కోసం వెతుక్కుంటున్నాను.

"తుపాకీకేటీ నేదు బాబూ," అన్నాడు నాన్న, నావైపు చూడకుండా. "నా ఏలే పన్జెయ్యట్లేదు. రేపొద్దున్న అది ఊకలో పడి పొయ్యిలోకెల్తే, పారలేసే పిల్లల అమ్మలకి ఎవుడు జవాబు సెప్తాడు?"

షావుకారు మా ఇద్దరికీ టీ తెప్పించాడు. భుజానికి తగిలించుకునే తోలుపట్టీ నాన్న తన సొంత డబ్బుతో కొనుక్కున్నది, అది నీదే కదా తీసుకెళ్ళమన్నాడు. తుపాకీ లేకుండా పట్టీ ఎందుకని నాన్న దాన్ని గోనెపట్టా మీదే వదిలేశాడు. తిరుగు పడవలో, "తుపాకీని సూడమంటే నన్ను సూసేసినావు. ఫీజెంత?" అన్నాడు. నేను నవ్వలేకపోయాను, ఆయన నీళ్ళవైపు తిరిగి కూర్చున్నాడు.

నరం నలిగిందన్నారు డాక్టర్లు, ఆలస్యమైందన్నారు. మిల్లులో ఇప్పుడు బాయిలరు లేదు, మోటారు పెట్టారు. మా ఇంట్లో మారింది అంతకన్నా చిన్న సంగతి. బిగుసుకుపోయిన డబ్బాలను, సీసాలను అమ్మ ఒకప్పుడు గూట్లో పక్కకు పెట్టి ఉంచేది, వారానికొకసారి నాన్న ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నిటి మూతలూ వరసగా తీసి పెట్టేవాడు. ఆ గూట్లో ఇప్పుడు ఏవీ లేవు. అమ్మ వాటిని ఆయన కంటపడకుండా వంటింట్లో దాచి, నేను వచ్చాక నా చేతికిస్తుంది. నోటితో చేసే ఆ టక్కుమనే చప్పుడు నేను విని ఎంత కాలమైందో.

ఈ ఉదయం నాన్న టీ కొట్టుకు వెళ్ళాక పేపరు ఎత్తి రేకు చూశాను. మెత్తగా ఉన్నది ఒక్కటైనా దొరక్కపోతుందా అని అన్నిటినీ ప్రయత్నించినట్టున్నాడు. మాత్రలు పది. నొక్కులు పడ్డవి పది. బయటికి వచ్చినవి సున్నా.