సుగుణకుమారి తాగని బీరు

రాయప్పకు పేరు తెచ్చింది ఆయన నడిపే బస్సు కాదు, ఆయన కాచే బీరు. సముద్రాలు దాటి వచ్చి టూంగాబీ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు క్యాథలిక్ కుటుంబాల్లో ఎవరింట్లో పుట్టినరోజైనా, కొత్త ఇంట్లో పాలు పొంగించినా, పిలుపు అందుకున్న మగవాళ్ళు ముందు అడిగేది ఒకటే: "రాయప్పన్న బీరు వస్తోందా?" వస్తుంది, రాకెక్కడికి పోతుంది! డిక్కీ నిండా సీసాలు పెట్టుకుని పెళ్ళికొడుకులా దిగేవాడు మహానుభావుడు.

మన దగ్గరైతే ఎక్సైజు వాళ్ళు పీపాతో సహా ఎత్తుకుపోయేవారు. ఇక్కడ మాత్రం ఎవరింటి బీరు వాళ్ళు కాచుకుంటే అడిగే నాథుడు లేడు. ఆయన కాచేదాన్ని బ్లాండ్ ఏల్ అంటారు. లేత బంగారు రంగు, పెద్దగా చేదుండదు, తలకెక్కదు. నల్లగా చిక్కగా కాచేవాళ్ళంటే రాయప్పకు మహా చులకన.

"ఆటిల్లో ఏం తప్పు చేసినా ఆ రంగులో, ఆ చేదులో కొట్టుకుపోద్దిరా. ఇది తేలికపాటిది. సీసాలో పిసరంత మురికున్నా మొదటి గుక్కలోనే పట్టించేస్తది" అని వచ్చినవాడికల్లా పాఠం చెప్పేవాడు.

పాఠం బాగానే చెప్పేవాడు గానీ సీసాలు కడిగేది ఆయన కాదు. ఆయన మొలకెత్తించిన బార్లీ మాల్ట్ కాస్తాడు, చేదు కోసం హాప్స్ పూలు వేస్తాడు, చల్లార్చి పీపాలో పోసి ఈస్టు చల్లుతాడు, మూత మీది గొట్టం బుడబుడలాడుతుంటే పసిబిడ్డ ఊయల దగ్గర కూర్చున్నట్టు కూర్చుంటాడు. బుడబుడలు ఆగాక "సుగుణా, సీసాలు రెడీనా?" అని కేకేస్తాడు. సీసాలు రెడీగా ఉంటాయి. ఎలా ఉంటాయో ఆయన ఏనాడూ ఆలోచించలేదు.

సుగుణకుమారి ఆయన భార్య. వృద్ధుల హోములో పని. ఆవిడ బీరు ముట్టదు. ఈ ముక్క రాయప్ప బడాయిగా చెప్పుకునేవాడు: "మా ఆవిడకి దీని వాసన కూడా పడదు. ప్రార్థన మనిషి!" అందరూ అవునవునని తలలూపేవారు.

ఇక మెల్విన్. తెనాలి కుర్రాడు, యూనివర్సిటీ చదువుకని వచ్చి, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ తెచ్చుకుని, డయానాని పెళ్ళి చేసుకుని రౌస్ హిల్‌లో స్థిరపడ్డాడు. బీరు కాచడం నేర్చుకుంటానని వచ్చి "అంకుల్, అంకుల్" అని చుట్టూ తిరిగితే రాయప్పే దగ్గర కూర్చోబెట్టుకుని అన్నీ నేర్పాడు. తన పాత పీపా కూడా ఇచ్చేశాడు. అప్పట్లో ఆ కుర్రాడంటే ఎంత ముద్దో! ఆ ముద్దంతా ఒక్క మధ్యాహ్నంలో ఆవిరైపోయింది.

జూన్ చివర్లో, ఇక్కడి నడి చలికాలంలో, పేతురు గారి పండుగ. పాత క్యాథలిక్కులు పేతురు గారిని రాయప్ప గారనే పిలుస్తారు కాబట్టి అది మన రాయప్పకు నామ పండుగ. ఆ ఆదివారం పూజ అయ్యాక అందరూ ఆయనింట్లోనే భోజనం. మేకమాంసం కూర, పలావు, గోంగూర. మగవాళ్ళు గరాజులో హీటరు చుట్టూ, ఆడవాళ్ళు లోపల వంటింట్లో. ఏళ్ళ తరబడి జరుగుతున్నదే ఇది. సీసాలు గరాజు దాటి లోపలికి వెళ్ళడం ఎవరూ చూడలేదు.

ఈసారి మెల్విన్ తన సీసాలు తెచ్చాడు. బస్ డిపోలో రాయప్పతో పనిచేసే కనకరాజు ఒక గ్లాసు పోసుకుని, చప్పరించి, కళ్ళు పెద్దవి చేశాడు.

"అన్నో! కుర్రాడు నిన్ను దాటేసేట్టున్నాడే!"

రాయప్ప పెద్దగా నవ్వాడు. "శిష్యుడెవరిదిరా మరి?" అన్నాడు. ఆ నవ్వు నోటితో నవ్విందే గానీ లోపల చురుక్కుమంది. సరే, అక్కడితో ఆగినా బాగుండేది. మెల్విన్ ఒక జగ్గు నింపుకుని, గ్లాసులు పట్టుకుని, తిన్నగా వంటింట్లోకి నడిచాడు. 'పిచ్చోడు, తిట్టించుకుని వస్తాడు' అనుకున్నాడు రాయప్ప. రాలేదు. ఐసు కోసమని వంక పెట్టుకుని తనే లోపలికి వెళ్ళాడు.

సుగుణకుమారి చేతిలో గ్లాసుంది. సగం అయిపోయి ఉంది. మజ్జిగ తాగినంత తాపీగా ఇంకో గుక్క వేసి, "హాయిగా ఉంది బాబూ. చేదుగా ఉంటదేమో అనుకున్నా" అంటోంది మెల్విన్‌తో.

రాయప్ప ఐసు సంగతే మర్చిపోయాడు. ఈలోగా కనకరాజు వెనకే వచ్చి చూడనే చూశాడు.

"ఏందన్నా, వదినకి వాసనే పడదన్నావు?"

వంటింట్లో అందరూ నవ్వారు. సుగుణకుమారి కూడా నవ్వింది. రాయప్ప కూడా నవ్వాల్సి వచ్చింది, నవ్వాడు. తల తీసేసినట్టుంది మనిషికి. తన పండుగ రోజున, తన ఇంట్లో, తన భార్య, తన శిష్యుడి బీరు! మెల్విన్ అనేవాణ్ణి ఆ క్షణాన జగ్గుతో సహా విమానం ఎక్కించి తెనాలి పంపించెయ్యాలనిపించింది.

మర్నాటి నుంచి ఆయన మొహం చూడాలి! అన్నం సయించదు. వడ్డిస్తే "చాలు" అంటాడు, వడ్డించకపోతే చూస్తూ కూర్చుంటాడు. ఏమైందని ఆవిడ అడిగితే "ఏమవుద్దీ?" అంటాడు. అడగాల్సిన మాట నోటి చివరే ఉంది: వాడిది తాగావు, నాదెందుకు తాగవు? అడిగితే చిన్నతనం. అడక్కపోతే కడుపుమంట. బస్సు నడుపుతూ అదే ఆలోచన. ఒకరోజు ఎవరో బెల్లు నొక్కినా వినపడక స్టాపు దాటించేశాడు. వెనకనుంచి ఒక ముసలాయన "మేట్, అది నా స్టాపు!" అని అరిస్తే, "అందరికీ నేనే దొరికానా?" అని తెలుగులో గొణిగి, ఇంగ్లీషులో సారీ చెప్పాడు.

చివరికి ఆగలేక, మూతలు బిగించే మర పాడైందని అబద్ధమాడి ఒక శనివారం రౌస్ హిల్ వెళ్ళాడు. వెళ్ళింది మర కోసం కాదు, మర్మం కోసం. వాడు ఏదో కొత్తది కలుపుతున్నాడు. తనకు చెప్పకుండా దాస్తున్నాడు దొంగ!

మెల్విన్ లాండ్రీ తొట్టి దగ్గర చొక్కా చేతులు మడుచుకుని సీసాలు కడుగుతున్నాడు. పక్కనే మడతకుర్చీలో డయానా కాళ్ళు చాపుకుని, చేతిలో గ్లాసుతో, వాళ్ళ ఆఫీసులో మేనేజరుని తిడుతోంది. మధ్యమధ్య మెల్విన్ "అంతేగా, అంతేగా" అంటున్నాడు.

"ఏరా, ఇయ్యన్నీ నువ్వే తోముతున్నావా?" అన్నాడు రాయప్ప. ఆ గొంతులో ఎగతాళి దాగలేదు.

"నేను తాగేదాన్ని అంకుల్, కడిగే డిపార్ట్‌మెంట్ ఆయనది" అంది డయానా కదలకుండా.

'పెళ్ళానికి భయపడే రకం' అని లోలోపల తీర్పు చెప్పేసి, రాయప్ప అసలు పనిలో పడ్డాడు. మాల్ట్ ఏది? ఈస్టు ఏది? హాప్స్ ఎంతసేపు ఉడికిస్తున్నావు? తేనె ఏమైనా వేశావా? మెల్విన్‌ది అన్నిటికీ నవ్వుతూ ఒకటే జవాబు.

"మీరు నేర్పిందే అంకుల్. నేనేం మార్చలా."

నమ్ముతాడా? రెండు సీసాలు అడిగి పట్టుకొచ్చాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు వాడిదొక గ్లాసు, తనదొక గ్లాసు పోసి పక్కపక్కన పెట్టాడు. ఒకే రంగు. ఒకే నురుగు. ఒక గుక్క ఇది, ఒక గుక్క అది. కళ్ళు మూసుకుని తాగాడు, ముక్కు మూసుకుని తాగాడు. ఆవగింజంత తేడా ఉంటే ఒట్టు! అప్పుడు మండింది అసలు మంట. వాడి బీరు గొప్పదైతే ఏదోలా దిగమింగేవాడు. గొప్పది కాదే! తనదే అది! తన చేతి పని వాడి చేతిలో ఉంటే తాగింది, తన చేతిలో ఉంటే ముట్టదు. అంటే బీరులో లేదన్నమాట లోపం. తనలోనే ఉందన్నమాట. ఆ మాట అనుకోగానే మనిషికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

దాంతో పెద్దమనిషి ఒక పాడుపని చేశాడు. ఆ సాయంత్రం సుగుణకుమారి డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పి సోఫాలో కూర్చోగానే, తన బీరు గ్లాసులో పోసి తెచ్చాడు.

"మెల్విన్ పంపాడు నీకోసం."

"అయ్యో, నాకోసమా? మంచి పిల్లోడు" అని ఆవిడ అందుకుని ఒక గుక్క వేసింది. కళ్ళు మూసుకుంది. "బాగుంది" అంది.

రాయప్ప గుండె ఎగిరి గంతేసింది. నోరు ఊరుకోలేదు. "అది నాది! మెల్విన్‌ది కాదు, నాది! చూశావా?"

సుగుణకుమారి గ్లాసు కేసి చూసింది. టీపాయ్ మీద పెట్టి, వేళ్ళతో కాస్త దూరం జరిపింది.

"అయితే వద్దులెండి."

"బాగుందన్నావుగా!"

"బాగానే ఉంది."

"మరేం? వాడు పోస్తే అమృతమా? నేను పోస్తే విషమా?" ఇన్నాళ్ళూ దాచిపెట్టిందంతా ఒక్కసారిగా కక్కేశాడు. "ఆ రోజు అందరిలో నా పరువు తీశావు. వాడిలో ఏం చూశావు?"

ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. అరిచేతులు ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా చెప్పింది.

"పొద్దున్నుంచీ అక్కడ ముసలోళ్ళని కడుగుతా. ఇంటికొస్తే ఆ తొట్టినిండా మీ సీసాలు. అడుగున మడ్డి, ఆ పులిసిన కంపు. నానబెట్టి, బ్రష్ పెట్టి, ఎండలో బోర్లించి, చలికాలం ఆ నీళ్ళకి వేళ్ళు పగిలిపోయేవి. మీ బీరు చూస్తే నాకు దాహం వెయ్యదండీ. పని గుర్తొస్తది. మెల్విన్ సీసా నేను కడగలేదు. అందుకని తాగాలనిపించింది. అంతే."

"ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా చెప్పొచ్చుగా" అన్నాడు రాయప్ప, తప్పు ఇంకా కొంచెం ఆవిడ మీదకే తోయబోతూ.

"ఒక్కసారన్నా గ్లాసిచ్చి తాగుతావా అని అడిగారా? సీసాలు రెడీనా అనే అడిగారు. రెడీ అన్నాను."

ఆవిడ లేచి అన్నం పెట్టుకోవడానికి వెళ్ళింది. రాయప్ప ఆ గ్లాసు ముందు చాలాసేపు కూర్చున్నాడు. తాగబుద్ధి కాలేదు.

మనిషి ఆ రాత్రికి రాత్రే మారిపోయాడని చెప్పను. రెండు రోజులు మొహం మాడ్చుకునే తిరిగాడు. మెల్విన్ మీద కోపం తగ్గకపోగా పెరిగింది. ఆ వెధవ సీసాలు కడుగుతున్నాడన్న సంగతి ముందే తెలిసి, చూసి, నవ్వి కూడా తనకు బుర్రకెక్కలేదే! వాడికి పెళ్ళయి ఎన్నాళ్ళయిందని? వాడికెవడు నేర్పాడు? తాను మాత్రం నేర్పలేదు. ఆ ఒక్కటీ తాను నేర్పనిదే. ఈసారి అసూయ బీరు మీద కాదు, డయానా చాపుకున్న కాళ్ళ మీద.

మూడోనాడు తొట్టి దగ్గరికి వెళ్ళాడు. సీసాలు నానబెట్టే సోకింగ్ పౌడరు ఎంత వెయ్యాలో తెలియక నురుగు నేలంతా పారించాడు. సీసాను వెలుతురుకు పట్టి చూస్తే అడుగున గోధుమరంగు పొర. ఎంత రుద్దినా కదలదు. నడుం పట్టేసింది. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. అప్పుడే అటుగా వచ్చిన కనకరాజు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏందన్నా ఇది? వదిన ఊళ్ళో లేదా?"

"ఏం, మెల్విన్ గాడే కడగాలా? మాకు చేతుల్లేవా?" అని కసిరాడు రాయప్ప.

లోపల సోఫాలో సుగుణకుమారి టీవీ చూస్తోంది. సీసాలు ఒకదానికొకటి తగిలి టింగుమంటున్న ప్రతిసారీ లేవబోయి, మళ్ళీ కూర్చుంది. పగిలిన చప్పుడు కూడా ఒకటి వినిపించింది. అప్పుడూ లేవలేదు.

ఆ సీసాల్లోకి ఎత్తిన బీరు తయారయ్యేసరికి చలి తగ్గింది, వీధి చివర వాటిల్ చెట్టు పసుపుపచ్చగా పూసింది. ఆవిడకు సెలవు రోజు. వెనక మెట్ల మీద ఎండకు కూర్చుంది. రాయప్ప గ్లాసు నింపి తెచ్చాడు. ఎవరు పంపారనీ చెప్పలేదు, ఎవరిదనీ చెప్పలేదు.

"తాగుతావా?" అన్నాడు. ఆ ఒక్క మాట బయటికి రావడానికి పద్యం అప్పజెప్పే కుర్రాడిలా గొంతు సవరించుకోవలసి వచ్చింది.

ఆవిడ ఆయన చేతులు చూసింది. వేళ్ళ సందుల్లో చర్మం లేచి తెల్లగా ఉంది. గ్లాసు అందుకుంది. తొందరేం లేదు ఆవిడకి. ఒక గుక్క, కాసేపు పక్కింటి కంచె మీది చిలకల్ని చూడ్డం, ఇంకో గుక్క. రాయప్ప నిలబడే ఉన్నాడు. చివరి చుక్కదాకా తాగి పెదవులు తుడుచుకుంది.

"ఎట్టా ఉంది?"

"మెల్విన్‌దే ఇంకొంచెం బాగుంటుంది" అంది సుగుణకుమారి.

అబద్ధం! పచ్చి అబద్ధం! రెండూ ఒకటేనని రాయప్ప తన నాలుకతో తాను చూసుకున్నాడు, బైబిలు మీద ప్రమాణం చేసి చెప్పగలడు. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. ఆవిడ ఖాళీ గ్లాసు ఆయన ముందుకు చాపింది.

"పొయ్యండి" అంది.