అత్త చదివించిన కాగితం

మొన్న ఆదివారం పొద్దున పక్కవాటాలో ఉండే తొమ్మిదో తరగతి అమ్మాయి ఇంగ్లీషు వర్కుబుక్కు పట్టుకొచ్చి నా ముందు కూలబడింది. నేను రిటైరై రెండేళ్లయినా నల్లపాడులో మా వీధి పిల్లలు నన్ను వదల్లేదు. నిజం చెప్పొద్దూ, నేనే వాళ్లను వదల్లేదు. ఆ రోజు పేజీలో ఉన్నది ఒక్కటే క్రియ, ఫర్టిలైజ్. దాని అర్థాలు, రూపాలు రాసి, ఒక్కో అర్థానికి ఒక్కో సొంత వాక్యం తయారుచెయ్యాలి. "ఇదేం కష్టమే! చివర డీ తగిలిస్తే భూతకాలం, ఐఎన్‌జీ తగిలిస్తే జరుగుతున్న పని. మహా మర్యాదస్తురాలీ క్రియ, ఎక్కడా అడ్డం తిరగదు" అన్నాను. మొదటి అర్థం పొలానికి ఎరువు వెయ్యడం. దానికి వాక్యం క్షణంలో చెప్పేశాను. ఆ పిల్ల రాసుకుని తలెత్తి, "రెండోది టీచర్?" అంది. ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పాను. ఆ రెండో అర్థం వచ్చినప్పుడల్లా "అది సైన్సు మాస్టారు చెబుతారులే" అని పేజీ తిప్పేసేదాన్ని. నాకు సిగ్గని పిల్లలు నవ్వుకునేవాళ్లు. నాకు మాత్రం ఆ పేజీలో మా అత్త కనిపించేది.

అత్తంటే మా మేనమామ భార్య. చిలకలూరిపేట అవతల నల్లరేగడి ఊరు మా అమ్మమ్మగారిది. అటు చూస్తే మిరప, ఇటు చూస్తే పత్తి. ఆ రోజుల్లో కంపెనీ వాళ్లు విత్తనం కోసం వేయించే పత్తి చేలల్లో క్రాసింగు పని ఉండేది. సాయంత్రం పూట ఆడ మొక్క మొగ్గను గోటితో విప్పి, అందులోని పుప్పొడి తిత్తుల్ని వలిచేసి, ఎర్ర కాగితం తొడగాలి. మర్నాడు ఎండెక్కకముందే మగ మొక్క పువ్వు తెచ్చి దానికి సుతారంగా రాయాలి. ఇంత చేసినా సగం పువ్వులు రాలిపోతాయి. అత్త చేసిన పువ్వు రాలడం మాత్రం నేను చూడలేదు. చేతులే కాదు, నోరూ ఊరుకునేది కాదు. "ఏమ్మా పెళ్లికూతురా, ముహూర్తం దాటిపోతోంది, తల ఎత్తు!" అని ఒక్కో పువ్వునూ పలకరిస్తుంటే పక్క సాళ్లలో ఆడవాళ్లు పని మానేసి నవ్వేవాళ్లు. ఆసామి కసురుకునేవాడు.

అంతటి అత్తను క్రాసింగు మొదలుపెట్టే రోజున మాత్రం గట్టు మీద నిలబెట్టేవాళ్లు. పిల్లల తల్లే మొదటి పువ్వు ముట్టుకోవాలని అక్కడ పట్టింపు. అత్తకు పెళ్లయి ఎనిమిదేళ్లయినా కడుపు పండలేదు. చేతిలో ఎర్ర కాగితాల కట్ట పట్టుకుని ఆమె గట్టున నిలబడితే, చేతకాని వాళ్లెవరో వచ్చి పసుపు రాసిన వేళ్లతో ఆ పువ్వును నలిపిపెట్టేవాళ్లు. అత్త నవ్వుతూనే ఉండేది. 

నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది దసరా సెలవులకు ఆ ఊరెళ్లాను. అబ్బో, ఆ వైభోగం ఏం చెప్పను! పురుగుమందు డబ్బా మీద రాత దగ్గర్నుంచి దగ్గుమందు సీసా దాకా ఊళ్లో ఇంగ్లీషంతా నా దగ్గరికే వచ్చేది. నేనూ కళ్లజోడు సర్దుకుని మరీ చదివేదాన్ని. అప్పటికే అమ్మమ్మ మామయ్యకు రెండో సంబంధం వెతుకుతోంది. గుంటూరులో డాక్టరమ్మకు చూపించుకుందామని అత్త పట్టుబట్టేసరికి, మామయ్య ఒక్కసారి వెళ్లి పరీక్షకు శాంపిలు ఇచ్చొచ్చి, మళ్లీ ఆ గుమ్మం తొక్కనన్నాడు. కాగితం తెచ్చుకోవడానికి అత్త ఒక్కతే బస్సెక్కి వెళ్లింది.

మధ్యాహ్నం తిరిగొచ్చింది. వసారాలో అమ్మమ్మ, మా అమ్మ, మంచం మీద మామయ్య, పక్కింటి ఆడవాళ్లిద్దరూ ఉన్నారు. అత్త కాళ్లు కూడా కడుక్కోకుండా కాగితం నా చేతిలో పెట్టింది.

"అమ్మాయ్, అంతా ఇంగ్లీషులో ఉంది. గట్టిగా చదివి తెలుగులో చెప్పు. అందరూ వింటారు."

చదివాను. అత్తలో ఏ లోపమూ లేదు. కింద చివరి వాక్యంలో, భర్త వల్ల ఫలదీకరణ జరిగే అవకాశం లేదని రాసుంది. ఆ రెండో అర్థం నేను చదువుకున్నదే. తలెత్తితే మా అమ్మ నన్నే చూస్తోంది. తమ్ముడంటే ఆమెకు ప్రాణం. ఆ చూపు చదవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు.

"ఇద్దరూ కొన్నాళ్లు మందులు వాడమన్నారు" అన్నాను.

"అంతేనా?"

"అంతే అత్తా."

"సరిగ్గా చూడవే. కింద ఇంకో ముక్క ఉన్నట్టుందే."

"దానికేం పెద్ద అర్థం లేదులే."

అత్త కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది. వెళ్లి కాళ్లు కడుక్కుంది. మరుసటి వేసవిలో మామయ్యకు రెండో పెళ్లి చేశారు. నేను పట్టుచీర కట్టుకుని వెళ్లాను, నా మొహం మండ! కొత్తగా వచ్చినావిడకూ పిల్లలు పుట్టలేదు. ఎలా పుడతారు? నేనప్పుడు నోరు విప్పి ఉంటే ఆ పిల్ల బతుకైనా బాగుపడేది. తర్వాత్తర్వాత క్రాసింగు మొదలుపెట్టే రోజున గట్టు మీద ఇద్దరు నిలబడేవాళ్లు. మామయ్య ఉన్నన్నాళ్లూ నేను ఏదో ఒక వంకన ఆ ఊరు వెళ్లడం తగ్గించేశాను.

మామయ్య పోయాక, కిందటేడు వెళ్లాను. సవతులిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. చిన్నావిడ వంట చేస్తుంటే అత్త వసారాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ రెండు కాయలు వలిచి, ఘాటుకు తుమ్మి, ఆ తుమ్ముల మధ్యే మొత్తం చెప్పేశాను. అత్త చెయ్యి ఆగలేదు.

"తెలుసులేవే. డాక్టరమ్మ ఆ రోజే నాకు తెలుగులో ఇడమరిచి చెప్పింది."

"మరి నన్నెందుకు చదవమన్నావత్తా?"

"నేను చెబితే ఎవరు నమ్ముతారే? గొడ్రాలి ఏడుపంటారు. నువ్వు చదువుకున్నదానివి, వాళ్ల పిల్లవి. నీ నోట వస్తే కాదనలేరని నీ చేతికిచ్చా."

"మరి ఆ రోజే నన్ను నిలదీయకపోయావా!"

"రెండుసార్లు అడిగాను గదే" అంది అత్త, చేటలో కాయలు ఎగరేస్తూ. కోపంగా అన్నా బాగుండేది.

"టీచర్, రెండోది" అంది పిల్ల మళ్లీ. ఈసారి పేజీ తిప్పలేదు. ఫలదీకరణంటే ఏమిటో పువ్వుతో మొదలుపెట్టి మనిషి దాకా దాచకుండా చెప్పాను. వాక్యం కూడా చెప్పాను: మా అత్త ప్రతి ఉదయం పత్తి పువ్వులకు ఫలదీకరణ చేసేది. ఆ పిల్ల రాసుకుని, "మీ అత్తకు పిల్లలెంతమంది టీచర్?" అంది. "లేరు. లోపం మా మామయ్యలో ఉంది" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందా మాట! అది నా నోట రావడానికి నేను ముప్పై ఆరేళ్లు తీసుకున్నాను, అత్తకు కావలసింది మాత్రం ఆ ఒక్క మధ్యాహ్నమే.