ట్రాన్స్‌ఫార్మర్ బండి

యుద్ధం రోజుల్లో మా నాయన చిత్తూరులో కరెంటు కంపెనీ ఫోర్‌మన్. ఊరికంతా నాలుగే ట్రాన్స్‌ఫార్మర్లు. ఒకటి కాలిపోతే దాని బదులు ఇంకొకటి ఎప్పుడొస్తుందో పంపే మద్రాసు వాళ్లకే తెలియదు. అందుకని నాయన ఒక పాతదాన్ని బాగుచేసి ఎద్దుల బండి మీద బిగించాడు. ఎక్కడ కాలితే అక్కడికి తోలుకుపోవడమే. బండీ, రెండు ఎద్దులూ మా పెరట్లో ఉండేవి.

మేత కంపెనీది, చాకిరీ అమ్మది. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. ఇవి నిలబడి తింటా ఉండాయి" అని రోజూ పేడ ఎత్తుతూ సణిగేది. మల్లెపాదు పోయింది, బట్టలారేసే చోటూ పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కారిన నూనె నా పరికిణీకి అంటితే వీపు మీద రెండు పడేవి కూడా నాకే. అయినా నాకు ఆ ఎద్దులంటే ప్రాణం.

మేనేజరుగారి లెక్క వేరు. "మంచినీళ్ల మోటారు దగ్గర దిమ్మె కట్టి దీన్ని అక్కడే పెట్టేస్తే పోలా? అక్కడిది కాలితే చిటికెలో మార్చుకోవచ్చు. ఎద్దుల గోల ఉండదు."

నాయన తల గోక్కుని, "ఆసుపత్రిది కాలిందంటే దిమ్మె నడిచి రాదు గద సార్" అనేవాడు.

ఇద్దరి మాటా నిజమే. చివరికి మేనేజరు దసరా దాకా గడువిచ్చాడు. ఆలోగా బండి పనికి రాకపోతే ఎద్దుల్ని అమ్మేస్తానన్నాడు. ఆ పూట నాయన సగం అన్నంలోనే లేచిపోయాడు.

ఆయుధపూజ వచ్చింది. బండి కడిగి, బొట్లు పెట్టి, అరటి పిలకలు కట్టాం. పూజలో పెట్టిన పనిముట్టును మరునాటి దాకా కదిలించకపోవడం మా ఇంటి ఆచారం. హారతి ఇంకా ఆరలేదు, లైన్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "మోటారుకాడిది కాలిపోయినాదప్పా! కొళాయిల్లో సుక్క నీళ్లు ల్యావు!"

నాయన బండి వంక చూస్తూ కూలబడిపోయాడు. ఇన్నాళ్లూ ఎదురుచూసిన రోజు అదే, బండి కదలకూడని రోజూ అదే.

"ఏమయ్యా, అట్ల సూస్తా కూసుంటివి?" అంది అమ్మ. "దేవుడే వాహనమెక్కి ఊరంతా తిరుగుతాడు. దీన్ని కదిలిస్తే కోపం సేసుకుంటాడా?" అంటూ అరటి పిలకలు తానే విప్పేసింది.

మోటారున్న ఏటి ఒడ్డున ఇసుకలో చక్రాలు దిగబడితే వీధివాళ్లంతా కలిసి తోశారు. పొద్దు వాలేలోగా కొళాయిల్లో నీళ్లొచ్చాయి. నాయనను చూసి అంత గర్వపడ్డ రోజు నాకు మరొకటి లేదు.

కాలినదాన్ని బాగుకు మద్రాసు పంపారు. బండి మీదిదాన్ని దించి మోటారు దగ్గరే పెట్టేశారు. మేనేజరు నాయన భుజం తట్టి, "నువ్వే గెలిచావయ్యా. కానీ బండి ఖాళీ అయింది కదా, ఇంక ఎద్దులెందుకు?" అన్నాడు.

వారం తిరక్కుండా కాణిపాకం వైపు నుంచి కొనేవాడు వచ్చాడు, చేతిలో మేనేజరు చీటీ. నాయన పెరట్లోకే రాలేదు. అమ్మ పలుపులు చేత పట్టుకుని దారికి అడ్డం నిలబడింది.

"కాలింది బాగై వస్తుంది గదప్పా. అప్పుడు బండికి ఎవుర్ని కట్టేది, మీ మేనేజర్నా? వీటికి డ్యూటీ ఉండాది. నువ్వు పో."

సంగతి విని మేనేజరు నవ్వి ఊరుకున్నాడు, మేత మాత్రం ఆపేశాడు. మద్రాసు పోయిన ట్రాన్స్‌ఫార్మర్ తిరిగొచ్చి బండెక్కేదాకా ఆ ఎద్దుల్ని మా అమ్మే మేపింది. సణగడం మాత్రం ఒక్కరోజూ మానలేదు.