గంప దించకుండా

దేవుడు లేడని టీ అంగట్లో బల్ల గుద్ది చెప్పేవాణ్ణి నేను. ఊరమ్మ పూజారి ఎదురుగానే కూచుని వింటాండె. వరసకు నాకు మామ. "నీ మాట నీదప్పా, నా అమ్మ నాది" అని టీ తాగి లేచి పోతాండె. ఒక్కనాడు కూడా నన్ను తిట్టింది లేదు. అది నాకు ఇంకా మంట. తిడితే కదా వాదన ముందుకు పోయేది!

తొంభైల ఆఖరులో, వరసగా వానలు ఎగ్గొట్టిన కాలం. తనకల్లు దగ్గర మా ఊర్లో జాతర పెట్టినారు. ఆఖరు దినం పొలి చల్లుతారు. నెత్తురు కలిపిన అన్నం గంపలో పెట్టుకొని, పూజారి పొలిమేర చుట్టూ చల్లుకుంటా రావాల. ఆ చుట్టు అయ్యేదాకా గంప నేలమీద దించగూడదు. ఊర్లోవాళ్ళు బయటికి పోగూడదు, బయటోళ్ళు లోపలికి రాగూడదు. దాటితే కీడని నమ్మకం.

ఆ పొద్దున్నే నా భార్యకు నొప్పులొచ్చినాయి. తొలి కాన్పు. చేయి పెట్టి చూసిన మంత్రసాని మొగం మాడిపోయింది. "బిడ్డ అడ్డం తిరిగిండాది. నా చేతిలో లేదు నాయనా, కదిరికి తీస్కపో" అనింది.

పక్కింటోళ్ళ జీపు తెచ్చి నేనే తోలినా. ఊరి బయట దారికి అడ్డంగా వేపాకు తోరణం, దాని ముందర కట్టెలు పట్టుకొని మనుషులు. "పొలి ఇంగా సగం కాలేదన్నా, ఓపిక పట్టు" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. "జరగండి, లేకపోతే మీ మీదనే పోనిస్తా!" అని అరిచినా. పోనిచ్చేవాణ్ణే. వెనక సీట్లోనించి నా భార్య చొక్కా పట్టి లాగింది.

"నేను దాటను."

"సచ్చిపోతావే!"

"దాటితే బిడ్డకేమన్నా అయితే? నీకు నమ్మకం లేదు, సరే. నాకు ఉండాది కదా." పండ్లు బిగబట్టుకొని చెప్పింది.

నాకు ఏడుపొచ్చింది. ఎవరి మీద కోపం తీర్చుకోవాలో తెలీక స్టీరింగు మీద గుద్దినా.

కట్టెలోళ్ళలోనే ఒకాయన పరిగెత్తిపోయి పూజారి మామను పిల్చుకొచ్చినాడు. మామ నెత్తిన గంపతోనే వచ్చి, జీపులోకి తొంగి చూసినాడు. నేను దిగి దండం పెట్టినా. అమ్మవారికి కాదు, ఆయనకు.

"మామా, ఆమె దాటనంటాండాది. నేను దాటించలేను. నీవే ఏదన్నా చెయ్యి."

ఆయన కట్టెలోళ్ళ దిక్కు తిరిగినాడు. "పొలి యాడిదాకా చల్లితే ఆడిదాకా మన పొలిమేర. ఈసారి అమ్మ కదిరిదాకా తిరుగుతాది. తోరణం తీయండి."

వాళ్ళు తోరణం విప్పి పక్కకు జరిగినారు. మామ ముందు సీట్లో గంప ఒళ్ళో పెట్టుకొని, దారి పొడుగునా కొంచెం కొంచెం చల్లుకుంటా వచ్చినాడు. నా భార్య ఆ చేతినే చూస్తా పడుకునింది. మళ్ళా వద్దనలేదు.

ఆసుపత్రిలో ఆపరేషన్ అని ఆమెను లోపలికి తీస్కపోయినారు. చుట్టు ఇంగా కాలేదు కదా, మామ వరండాలో గంప నెత్తిన పెట్టుకొని నిలబడినాడు. ముందురోజునుంచి ఉపాసం, మాటిమాటికి గోడకు ఆనుకుంటాండాడు.

"ఇట్లియ్యి మామా, నేను మోస్తా."

"నమ్మకం లేనోడివి, నీకెందుకప్పా?"

"నాకు లేదులే. నీకు ఉండాది కదా."

మామ గంప ఎత్తి నా నెత్తిన పెట్టినాడు. వచ్చేపోయేవాళ్ళు నవ్వుకుంటాండారు. నవ్వుకోనీ! నా చెవులు ఆ తలుపు మీదనే ఉన్నాయి.

ఎంతసేపటికో తలుపు తెరిచినారు. నర్సమ్మ గుడ్డలో చుట్టిన బిడ్డను తెచ్చింది. "ఆడపిల్ల. తల్లి కూడా బాగుండాది. ఎవరప్పా నాయన? పట్టుకో" అనింది.

నా రెండు చేతులూ గంప మీద ఉన్నాయి. మామ దిక్కు చూసినా. ఆయన నోరు తెరిచి దించమని చెప్పబోయినాడు. నేనే వద్దని తల ఊపినా. "నీవే పట్టుకో మామా."

మామ గబగబా కొళాయి కాడికి పోయి చేతులు కడుక్కొని వచ్చి, నా బిడ్డను అందుకున్నాడు. మొగం కనబడేటట్లు నా కండ్ల ముందరికి ఎత్తి పట్టినాడు. కండ్లనీళ్ళు తుడుచుకుందామంటే నాకు చెయ్యి ఖాళీ లేదు.