మిక్సీ పోయినా పరామర్శకు వచ్చే సారు

మా తార్నాకలో ఏ ఇంట్లో ఏ యంత్రం చచ్చినా పరామర్శకు వచ్చే మనిషి ఒకాయన ఉండేవాడు. మనుషులు పోతే వెళ్లేవాడో లేదో నేను చెప్పలేను గానీ, రేడియో పోయినా, టీవీ పోయినా, ఆఖరికి ఇస్త్రీపెట్టె పోయినా దివాకర్ సారు స్కూటర్ ఆ గుమ్మం ముందు ఆగాల్సిందే. యూనివర్సిటీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పేంత పెద్ద చదువు. చెప్పులు బయట విడిచి, తల వంచుకుని లోపలికొచ్చి, గొంతు తగ్గించి అడిగేవాడు.

"ఎప్పుడు పోయింది?"

"మొన్న పొద్దున సారూ."

"బాధపడ్డదా?"

"కొంచెం గరగర అన్నది."

"మంచిగనే బతికింది. చూస్త చూస్తనే పోయింది. అందరికి రాదు గసొంటి చావు."

కాసేపు కూర్చునేవాడు. మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. తర్వాత ఆ శవాన్ని పాత దుప్పట్లో చుట్టి, స్కూటర్ మీద నిలబెట్టుకుని బయల్దేరేవాడు. చావింటి నుంచి లేచేవాళ్లు 'పోయొస్త' అనరు కదా, సారు కూడా అనేవాడు కాదు.

మా మంచం కింద ఒక మిక్సీ ఉండేది. సారు దాని వైపు చూసినప్పుడల్లా నేను ముందే అడ్డం పడేదాన్ని.

"అది చావలే సారూ, పండుకున్నది."

"ఎప్పటిసంది పెద్దమ్మా?"

"మీకెందుకు? లేవాలనిపించిననాడు లేస్తది."

నా కడుపులో మాట ఆగదు, ఎదుటివాళ్ల కడుపులో ఆగనివ్వను. ఒకరోజు సారును వీధి మొగదల నిలబెట్టి అడిగేశాను. "ఏంది సారూ గీ పిచ్చి? సదువుకున్నోళ్లు గిట్ల జేస్తే సదువుకోనోళ్లం మేమేం గావాలె?"

సారు నవ్వాడు. "మొదట్ల మంచిగనే చెప్పిన పెద్దమ్మా. వీటి లోపట విషముంటది, రాగి కోసం వైర్లు కాలబెడితే ఆ పొగ పిల్లల పానం తీస్తదని కాగితాలు పంచిన. అందరు చదివిండ్రు. గా కాగితంలనే పల్లీలు పొట్లం గట్టుకున్నరు. ఒక్క టీవీ అటక దిగలే."

"మరి?"

"ఒకనాడు రాములమ్మ రేడియో ఆగిపోయిందంటే, నోరు జారి 'అయ్యో, ఎప్పుడు పోయింది?' అన్న. కొంగు నోట్లె కుక్కుకున్నది. దాని ముచ్చట్లన్నీ చెప్పింది. చెప్పుడయినంక తానే తెచ్చి నా చేతుల పెట్టింది. జనానికి విషమంటే భయం లేదు పెద్దమ్మా. పోయిందాన్ని పోయిందని ఇంకో మనిషి ఒప్పుకోవాలె. అప్పుడే ఇడిసిపెడతరు."

అట్లా పోగైనవన్నీ అంబర్‌పేట్‌లో ఎంకన్న తుక్కు దుకాణానికి వెళ్లేవి. కాలబెట్టకుండా విప్పి, రాగి రాగికి, ఇనుము ఇనుముకు పంపిస్తానని సారు చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాడు ఎంకన్న.

మా మేడ మీద గదిలో భూమిక అద్దెకుండేది. పత్తి పురుగుల మీద పరిశోధన. ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ కొనుక్కుని ఏళ్లతరబడి అందులో టకటక కొట్టేది. ఒక ఎండాకాలం సాయంత్రం అది పొగ విడిచి కన్నుమూసింది. తెల్లారేసరికి సారు గుమ్మంలో ఉన్నాడు.

"ఆఖరి మాట ఏమన్నా అన్నదా అమ్మా?"

"టప్పుమన్నది సార్."

ఏడవబోయిన పిల్ల నవ్వేసింది. రాసిందంతా ఫ్లాపీల్లో ఉందిలే అనుకుని కంప్యూటర్‌ను సారు స్కూటర్ ఎక్కించింది.

ఆ శనివారమే హబ్సిగూడలో ప్రింట్లు తీసే దుకాణం నుంచి ఉరికొచ్చింది.

"పెద్దమ్మా, ఫ్లాపీలు ఖరాబయినయి. ఒక్కటి గూడ చదువుతలేదు."

"అయితే ఏమైతది?"

"అంతా ఆ కంప్యూటర్ల డిస్కులనే ఉన్నది. సోమవారం థీసిస్ ఇయ్యకుంటే నా గడువు అయిపోతది. ఇన్నేండ్ల కష్టం మట్టిల కలుస్తది పెద్దమ్మా!"

కొంగు బిగించి బయల్దేరాను. సారు ఇంటికి తాళం. పక్కింటి సాలమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది.

"సారా? పొద్దుగాలనే మూటలు గట్టుకొని అంబర్‌పేట్ దిక్కు పోయిండు."

ఆటో ఎక్కాం. మీటరు తిరగడం లేదని ఆటోవాడు అంటే, నా నోటికి అలవాటైపోయి "ఎప్పుడు పోయింది?" అన్నాను. భూమిక నవ్వలేదు. దారిలో బర్రెల మంద రోడ్డుకు అడ్డంగా నిలబడి నెమరేస్తోంది. ఆటోవాడు హారన్ కొడితే ఒక్కటీ కదలలేదు. నేను తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. చాలదనిపించి, సాలమ్మ వాళ్ల యేసు ప్రభువుకు కూడా మొక్కాను.

ఎంకన్న దుకాణంలో అడుగు పెట్టేసరికి సుత్తి దెబ్బలు. పగిలిన డబ్బా, పచ్చటి పలకలు, ఊడిన తీగలు. భూమిక ఆ ముక్కల మీదికి ఉరికింది.

"ఓ ఎంకన్నా! నీ చెయ్యి పడిపోను, ఆపు! గది మా పిల్ల కంప్యూటర్ కాదా?"

"ఏంది పెద్దమ్మా గట్ల తిడుతున్నవ్? ఇది ముషీరాబాద్ హోటలోళ్ల టీవీ."

"సారు తెచ్చినయేవి?"

"గాడ మూలకున్నయి. రేడియోలు, ఇస్త్రీపెట్టె. కంప్యూటర్ లేదు."

"దారిల ఇంకెవనికన్న ఇచ్చిండా?"

"దినాలు కాంది సారు ఏదీ ఇయ్యడు. తాజా మాల్ ఇయ్యి సార్ అని బతిమాలినా ఇయ్యడు. 'ఇంకా మైల తీరలే' అని యూనివర్సిటీల ప్రయోగశాల వెనక పెట్టుకుంటడు. పిచ్చి సారు!"

అదే ఆటోలో యూనివర్సిటీకి. ప్రయోగశాల వెనక గది తలుపు తోశాను. పొడుగాటి బల్ల మీద చచ్చిన యంత్రాలన్నీ వరసగా పడుకుని ఉన్నాయి, ఒక్కోదాని మీద ఒక్కో బంతిపువ్వు. చివర్న భూమిక కంప్యూటర్. సారు దాని దుమ్ము తుడుస్తున్నాడు.

సంగతి వినగానే మరలు విప్పి, లోపలి డిస్కు తీసి, పక్కనున్న డిపార్టుమెంటు కంప్యూటర్‌కు తగిలించాడు. తెర నల్లగా ఉంది. లోపల ఏదో గుర్రుమని ఆగిపోయింది. సారు వైరు ఊడదీసి మళ్లీ పెట్టాడు. భూమిక గోళ్లు నా చేతిలో దిగబడ్డాయి.

"పిట్ట ముడతదా సారూ?" అన్నాను గుసగుసగా. కాకి పిండం ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని అర్థం కదా.

మళ్లీ గుర్రుమంది. ఈసారి ఆగలేదు. పత్తి పురుగుల పేర్లు ఒకదాని వెనకొకటి తెర మీద పాకుతూ వచ్చాయి. పురుగులను చూసి అంత సంతోషపడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు.

భూమిక కళ్లు తుడుచుకున్నాక అడిగాను. "సారూ, యంత్రాలకు మైలేంది?"

సారు బల్ల వైపు చూశాడు. "మొదట్ల తెచ్చిననాడే ఇచ్చేటోన్ని. రాజలింగు తాత టేప్‌రికార్డర్ ఇచ్చి, మర్నాడే వచ్చిండు. లోపట క్యాసెట్ ఉండిపోయిందట, వాళ్ల చెల్లె పాడిన బతుకమ్మ పాట. అప్పటికే ముక్కలయింది. 'పోనీ తియ్ సారూ' అన్నడు, గంతే. అప్పటిసంది మైల పట్టిన. 'కొన్నొద్దులు ఉంచుత, ఏమన్న మర్సిపోతే రాండ్రి' అంటే జనం మళ్ల ఆశ పెట్టుకుంటరు, అసలే ఇయ్యరు. మైలంటే ఎవ్వరు ఎదురు మాట్లాడరు. గా లోపట ఎవరో ఒకరు ఉరికొస్తనే ఉంటరు."

సోమవారం భూమిక థీసిస్ ఇచ్చి మిఠాయి పట్టుకొచ్చింది. నేను మంచం కింద నుంచి మిక్సీని లాగి సారుకు కబురు పెట్టాను. చెప్పులు విడిచి, తల వంచుకుని వచ్చాడు.

"ఎప్పుడు పోయింది పెద్దమ్మా?"

"చాన దినాలయింది సారూ. నేనే ఒప్పుకోలే."

"బాధపడ్డదా?"

"కొబ్బరి చట్నీ సగంల పోయింది. పుణ్యాత్మురాలు."

దుప్పట్లో చుట్టుకుని, పోయొస్త అనకుండానే వెళ్లిపోయాడు.

రెండు రోజులైనా కాలేదు, ఆ మిక్సీ మూత నా మామిడికాయ తొక్కు జాడీకి అచ్చంగా సరిపోతుందని గుర్తొచ్చింది. యూనివర్సిటీకి ఉరికాను. నేను "మూత" అన్నానో లేదో, సారు తీసి నా చేతిలో పెట్టాడు.

"మైల తీరకముందే వచ్చినవ్ పెద్దమ్మా, మంచిగయింది."

మూత మీద బంతిపువ్వు ఉంటే, పోనీలే అని కొప్పులో పెట్టుకోబోయాను. సారు దాన్ని మాత్రం మర్యాదగా వెనక్కి తీసుకున్నాడు. అది మిక్సీదట.